మూడో చుక్క

నట్టు కదలడం లేదు. గట్టయ్య పికప్ బండి కింద వెల్లకిలా పడుకొని, పానాకు తొడిగిన ఇనుప గొట్టాన్ని రెండు చేతులా పట్టుకొని, ఒక కాలు చక్రానికి తన్నిపెట్టి గుంజుతున్నాడు. డీజిల్ పోసి నానబెట్టి గంటయింది. అయినా మొండికేసింది. తుప్పు రేణువులు మొహం మీద రాలుతున్నాయి. ఆయన కళ్ళు మూసుకొనే పని చేస్తాడు. బండి కింద కళ్ళతో పనేముంది, చేతులకు అన్నీ తెలుసు అంటాడు. కొంచెం గొప్పలు పోవడమే కానీ, ముప్పై ఎనిమిదేళ్ళు కమాన్లు విప్పి బిగించిన మనిషి ఆ మాత్రం గొప్పలు పోతే తప్పేముంది.

కమానంటే బండి వెనక చక్రం మీద బరువు మోసే ఉక్కు పట్టీల కట్ట. ఆ కట్టను ఇరుసుకు అదిమిపట్టి ఉంచేవి యూ బోల్టులు, ఒక్కో పక్క రెండు. అవి వదులైతే ఇరుసు జరుగుతుంది. ఇరుసు జరిగిన బండి డ్రైవరు మాట వినదు.

"కాకా, ఇంకెంత సేపు?" బయట గొంతుక్కూర్చున్న డ్రైవర్ వీరేందర్ మూడోసారి అడిగాడు. "రెండింటికి సిమెంటు ఎత్తాలె. శ్రీరాంపూర్ల దించాలె."

"అది రావాలె కదరా. నేను నిద్రపోతున్ననా ఈడ?"

గోదావరిఖని మెయిన్ రోడ్డు పక్కన గట్టయ్యది రేకుల షెడ్డు. బోర్డు లేదు. పక్కన అనసూర్య చాయ హోటల్ ఉంది కాబట్టి ఆ గుర్తుతోనే డ్రైవర్లు వస్తారు. మనిషి పొట్టి. కాళ్ళు కాస్త వంకర. ఎడమ బొటనవేలి గోరు ఎప్పటికీ నల్లగానే ఉంటుంది. చెవి మీద ఒక బీడీ, చొక్కా జేబులో జానెడు పొడవున్న ఇనుప పంచ్. పంచ్ అంటే ఇనుము మీద సుత్తితో కొట్టి చుక్క పెట్టే మొన. ఆ పంచ్ లేకుండా ఆయన తన పెళ్ళికి కూడా పోలేదని భార్య సమ్మవ్వ ఎకసెక్కం చేస్తుంది.

ఇవాళ పొద్దున మాత్రం సమ్మవ్వ ఎకసెక్కం చేయలేదు. సద్ది కట్టి ఇస్తూ గుమ్మానికి అడ్డం నిలబడింది.

"రాత్రంత రొమ్ము పట్టుకొని కూసున్నవ్. దవాఖానకు పోదాం పా."

"గ్యాస్ పట్టిందే. ఒక్క పికప్ ఉన్నది. అది కానిచ్చి వస్త, పోదం."

ఆ మాట గుర్తొచ్చి ఒక్కసారి గట్టిగా గుంజాడు. నట్టు కీచుమని అరిచి వదిలింది. ఆ తర్వాత మిగతావి బుద్ధిగా వచ్చాయి. కుడి పక్క అయిపోయింది. ఎడమ పక్కకు జరిగి అక్కడి నట్లు కూడా ఊడదీశాడు. ఇరుసు కింద ఉండే ఇనుప పలకను చేతిలోకి తీసుకొని, అలవాటు ప్రకారం గుడ్డతో తుడిచాడు. బొటనవేలికి ఏదో తగిలింది. రెండు గుంతలు. కళ్ళు తెరిచాడు.

పలక అంచున రెండు చుక్కలు ఉన్నాయి. పక్కపక్కన, వడ్లగింజంత ఎడంతో. ఆ ఎడం ఆయనదే. ఈ పట్టణంలో మరెవరూ అలా కొట్టరు.

గట్టయ్య వాళ్ళ నాయన బాయిలో పనిచేశాడు. బొగ్గుబాయి దిగే ప్రతి మనిషికీ ఒక నంబరు దీపం ఇస్తారు. షిఫ్టు అయ్యాక ఆ దీపం తిరిగి తన కొక్కేనికి చేరాలి. ఒక్క కొక్కెం ఖాళీగా ఉన్నా, ఒక మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు. దీపాల గదిలోని మనిషి ఇంటికి పోడు. చిన్నప్పుడు విన్న ఆ సంగతిని గట్టయ్య తన పనిలోకి తెచ్చుకున్నాడు. కొత్త యూ బోల్టులు బిగించగానే పని అయిపోదు. మొదటి లోడు పడ్డాక ఉక్కు సర్దుకుంటుంది, నట్లు పట్టు వదులుతాయి. బండి వెనక్కి రావాలి, రెండోసారి బిగించాలి. అందుకని బిగించిన రోజు రెండు చుక్కలు కొడతాడు. తిరిగొచ్చి రెండో బిగింపు చేయించుకున్నాక మూడోది. ఆయన దగ్గరికొచ్చే డ్రైవర్లందరికీ ఈ లెక్క తెలుసు. మూడో చుక్క పడితే మనిషి పైకి వచ్చినట్టు.

తిరిగి రాని బండ్లు లేవని కాదు. కానీ ఈ కొలత పికప్‌లలో తిరిగి రానిది ఒక్కటే. ఇది ఏ బండో ఆయనకు తెలుసు.

"వీరేందరూ, ఈ బండి ఏడ కొన్నవ్?"

"పెద్దపల్లి యార్డుల. నాలుగేండ్లాయె. అప్పుడు తెల్లగుండె, నేనే నీలం కొట్టించిన. ఏమైంది?"

"ఏం లే."

తొమ్మిదేళ్ళ కింద ఈ బండి జైపాల్‌ది. ఎప్పుడూ నవ్వుతూ ఉండే మనిషి. ఆ రోజు దుకాణాల్లో ఈ కొలత యూ బోల్టులు రెండే దొరికాయి. జైపాల్ తొందరపెట్టాడు. ఒకసారి సాగిన యూ బోల్టును మళ్ళీ వాడకూడదని గట్టయ్యకు తెలుసు. తెలిసీ ఎడమ పక్కన పాతవే ఎక్కించాడు. "ఒక్క లోడు కొట్టి రా, కొత్తయి ఏస్త, మల్ల బిగిస్త," అన్నాడు. "వస్తనే అన్నా," అన్నాడు జైపాల్. రాలేదు. మర్నాడు గోదావరి బ్రిడ్జి నడిమధ్యలో బండి అడ్డం తిరిగి రెయిలింగును గుద్దింది. జైపాల్ అక్కడికక్కడే పోయాడు. అతివేగమన్నారు. గట్టయ్యను ఎవరూ ఏమీ అనలేదు. ఎవరైనా అని ఉంటే బాగుండేదని ఆయన చాలాసార్లు అనుకున్నాడు. సమ్మవ్వకు కూడా చెప్పలేదు. అప్పటినుంచి ఊడదీసిన ప్రతి పాత యూ బోల్టునూ రంపంతో రెండు ముక్కలు చేసిగానీ షెడ్డు దాటనివ్వడు.

ఇప్పుడు ఆ పలక చేతిలో చల్లగా ఉంది. ఎండలో నిలబెట్టిన బండి, ఇంజను ఇంకా వేడి దిగలేదు. పలక మాత్రం అప్పుడే నీళ్ళలోంచి తీసినట్టు చల్లగా ఉంది. గట్టయ్యకు భయమేసింది. దాన్ని కింద పెట్టి చెయ్యి ప్యాంటుకు తుడుచుకున్నాడు. రెండో బిగింపుకు తొమ్మిదేళ్ళు ఆలస్యంగా వచ్చావా అని అడిగినట్టు దానివైపు చూస్తూ చాలాసేపు అలాగే పడుకున్నాడు.

ఆ తర్వాత చేసిన పని మాత్రం ఎన్నడూ చేయనంత శ్రద్ధగా చేశాడు. ఇరుసు గుంతలో కమాను నడిమి బోల్టు సరిగ్గా కూర్చుందో లేదో మూడుసార్లు వేలుపెట్టి చూశాడు. నాలుగూ కొత్త యూ బోల్టులే వేశాడు. ఒక నట్టు కొంచెం, దాని ఎదుటి నట్టు కొంచెం, అన్నం కలిపినట్టు సమంగా బిగించుకుంటూ వచ్చాడు. జాకీ దించి, బరువు చక్రాల మీద పడ్డాక మళ్ళీ బిగించాడు. రొమ్ములో నొప్పి భుజం దాకా పాకింది. పళ్ళు బిగబట్టాడు.

ఈసారి చుక్కలు కొట్టలేదు. రెండున్నాయి కదా.

"ఇగో, విను." బయటకొచ్చి వీరేందర్ మణికట్టు పట్టుకున్నాడు. "సిమెంటు దించి సీదా ఈడికే రా. రెండో బిగింపు చెయ్యాలె."

"మంచిర్యాలల ఇంకో లోడు ఉన్నది కాకా. రేపొస్త."

"రేపు గీపు లేదు. నా మీద ఒట్టు, ఇయ్యాల్నే రా."

పట్టు నొప్పి పుట్టించేంత గట్టిగా ఉంది. ముసలాయనకు ఏమైందా అని వీరేందర్ ఆశ్చర్యపోయాడు. చేయి విడిపించుకుందామని "సరే కాకా, వస్తనే," అన్నాడు. రావాలని మాత్రం ఏమీ అనుకోలేదు.

బండి పోయింది. గట్టయ్య పాత యూ బోల్టులను ఒక్కొక్కటే వైసులో బిగించి రంపంతో కోశాడు. సద్ది విప్పలేదు. ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో బండలు పేల్చే ముందు వచ్చే సైరన్ మోగింది. కాసేపటికి నేల అదిరి, గోడకు వేలాడే పానాలన్నీ గలగలమన్నాయి. రోజూ ఉండేదే. అదురు ఆగాక కూడా ఒక్క పానా ఊగుతూనే ఉంది. గట్టయ్య లేచిపోయి దాన్ని చేత్తో ఆపాడు. వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. కాసేపటికి అది మళ్ళీ కదిలింది. ఈసారి ఆయన లేవలేదు.

మూడు గంటలకు అనసూర్య చాయ తెచ్చింది. గట్టయ్య పంచ్ మొనను ఆకురాయి మీద రుద్దుతున్నాడు. మొహం నిండా చెమటలు.

"గంత చెమటేందన్నా? పానం మంచిగున్నదా?"

"వస్తడంటవా?"

"ఎవరు?"

"జైపాల్."

అనసూర్యకు జైపాల్ తెలుసు. ఆ బ్రిడ్జి కాడ జరిగిందీ తెలుసు. "పొద్దుగాల వచ్చిన పిలగాడా? ఆయన పేరు వీరేందర్ కాదే?" అంది.

"ఆ, ఆయనే," అన్నాడు గట్టయ్య. రోడ్డు మీదినుంచి చూపు తిప్పలేదు.

మూడున్నరకు వీరేందర్ గోదావరి బ్రిడ్జి ఎక్కాడు. నడిమధ్యకు వచ్చేసరికి స్టీరింగు చేతిలో వదులైంది. బండి మెల్లగా, ఎవరో వేలు పట్టి తీసుకుపోతున్నట్టు, రెయిలింగు వైపు జరగసాగింది. బ్రేకు తొక్కాడు. జరుగుతూనే ఉంది. అప్పుడు బండి అడుగున, ఎడమ చక్రం దగ్గర, ఠంగుమని ఒక్క దెబ్బ వినిపించింది. సుత్తి దెబ్బ. బండి దారిలోకి వచ్చి ఆగింది.

దిగి వంగి చూశాడు. కింద ఎవరూ లేరు. ఇసుక మధ్య పాయగా పారుతున్న గోదావరి మీదినుంచి గాలి వస్తోంది. రెయిలింగు పట్టుకొని కాసేపు నిలబడ్డాడు. శ్రీరాంపూర్‌లో సిమెంటు దించాక మంచిర్యాల దారి పట్టలేదు. ఇచ్చిన మాట కోసం కాదు, భయపడే వెనక్కి వచ్చాడు.

షెడ్డు ముందు జనం మూగి ఉన్నారు. గట్టయ్య స్టూలు మీదే, గోడకు తల ఆనించి కూర్చొని ఉన్నాడు. కళ్ళు మూసుకొని ఉన్నాయి, బండి కింద పని చేసేటప్పుడు మూసుకున్నట్టే.

"చాయ గిలాస కోసం వస్తిని," అనసూర్య ఏడుస్తోంది. "మూడున్నర కూడ కాలే. గట్లనే ఉన్నడు, నిద్రవట్టిందనుకున్న. ఇంత సేపు లేస్తలేడని ఇప్పుడొచ్చి తట్టి చూస్తె సల్లబడి ఉన్నడు. సమ్మవ్వకు కబురంపినం. ఆమె వాకిట్ల నిలబడి సూస్తున్నదట, దవాఖానకు పోవాలె, వస్తడని."

ఆటోలో ఇంటికి తీసుకుపోదామన్నారు ఎవరో. వీరేందర్ వద్దన్నాడు. "నా బండిల తీసుకపోదాం. కాకపోతే ఒక్క నిమిషం ఆగుండ్రి. నట్లు బిగించినంకనే ఎక్కిద్దాం. ఆయన ఒట్టు పెట్టిండు."

గోడ మీది పానా, గొట్టం తీసుకొని బండి కింద దూరాడు. మొదటి నట్టుకు వేసి గుంజాడు. కదల్లేదు. రెండోదీ కదల్లేదు. ఒంటి బలమంతా పెట్టి ఎనిమిదీ చూశాడు. అన్నీ ఇప్పుడే ఎవరో బిగించినట్టున్నాయి. ఫోన్ లైటు వేశాడు. ఎడమ పలక అంచున మూడు చుక్కలు. రెండు పాతవి, తుప్పు పట్టినవి. మూడోది కొత్త రూపాయిలా మెరుస్తోంది.

"అనసూర్యక్కా," కిందినుంచే పిలిచాడు. "ఆయన పంచ్ జేబుల ఉన్నదా, చూడు."

"లేదే," అంది అనసూర్య కాసేపటికి. "చాయ ఇచ్చినప్పుడు చేతులనే ఉండె. ఈడంత దేవులాడినం, యాడ పడ్డదో."

వీరేందర్ లైటును మెల్లగా పైకి తిప్పాడు. శ్రీరాంపూర్ దాకా పోయి వచ్చిన ఇరుసు మీద, సిమెంటు దుమ్ము మధ్యలో, దుమ్ము అంటని పంచ్ ఒకటి పడుకొని ఉంది.