అత్తగారి గ్రీకు

రెండేళ్ల మనవడు నీళ్లు కావాలని గ్రీకులో అడిగిన రోజే వెత్తియా తేల్చేసింది, వాణ్ణి సాకే గ్రీకు బానిస దాది ఇంట్లో ఉండకూడదని.

"పాలు మరవని పిల్లాడిక్కూడా గ్రేకిస్సారే అంటించారూ! సంతలో అమ్మెయ్యండి దాన్ని" అంది కోడలితో.

రోములో ఆ మాట పుట్టి ఎన్నాళ్లో కాలేదు. గ్రీకుల్లా మాట్లాడుతూ గ్రీకు వేషాలు పోయేవాళ్లని వెక్కిరించడానికి నాటకాలవాళ్లు ప్రచారంలోకి తెచ్చారు. సొంతూరు రెయాతే నుంచి దిగిన పది రోజుల్లో వెత్తియా దాన్ని ఉప్పులా అన్నిట్లోనూ చల్లింది. కొడుకు ఒంటికి నూనె రాసుకున్నా గ్రేకిస్సారే, కోడలు ఒరిగి కూర్చుని తిన్నా గ్రేకిస్సారే.

"ఆ మాట చివరున్న 'ఇస్సారే' తోక కూడా గ్రీకుల దగ్గర ఎత్తుకొచ్చిందే అత్తయ్యా" అంది నుమీసియా ఉండబట్టలేక.

"తోక నువ్వుంచుకో. దాది మాత్రం వెళ్లాలి."

నుమీసియాకి దాది మిర్తిస్‌ని వదులుకోవాలని లేదు. మిర్తిస్ వచ్చాకే పిల్లాడు కంటినిండా నిద్రపోతున్నాడు, తనూ పోతోంది. భర్తేమో, సంతలో పెట్టొద్దని ఎంత ఏడ్చినా తల్లి గీసిన గీత దాటడు.

సంతకి ఇంకా మూడు రోజులుందనగా వెత్తియాకి కడుపు బిగిసింది. క్యాబేజీకి లొంగని రోగం లేదని ఆవిడ నమ్మకం. పచ్చిది నమిలింది, ఉడికింది తింది, ఆ నీళ్లలోనే కూర్చుంది. మర్నాటికి గోడ పట్టుకుని నడిచింది.

ఇదే అదననుకుని నుమీసియా వీధి చివరి గ్రీకు వైద్యుణ్ణి పిలిపించింది. ఆయనకి లాటిన్‌లో "నాలుక చాపు" తప్ప ఇంకో ముక్క రాదు. మధ్యలో మిర్తిస్ నిలబడింది.

"ఎన్నాళ్లయిందని అడుగుతున్నారమ్మగారూ."

"రెండ్రోజులు. అరవకే, వాకిట్లో వాళ్లు వింటారు!"

"గాలైనా కదులుతోందా అని..."

"ఛీ! అదీ అడగాలా వీడు?"

ముసలావిడ మిర్తిస్ చెవిలో ఏదో గొణిగింది. మిర్తిస్ దాన్ని మర్యాదగా రెండు ముక్కల్లో అప్పజెప్పింది. వైద్యుడు నవ్వలేదు. క్యాబేజీ మానమని, సోంపు కషాయం తాగమని చెప్పి వెళ్లాడు.

తెల్లారేసరికి వెత్తియా జావ అడిగింది.

"చూశారా అత్తయ్యా" అంది నుమీసియా, గెలిచిన సంబరం గొంతులో దాచుకోలేక. "లాటిన్‌లో పైకి చెప్పుకోలేని బాధలుంటాయి. ఇంటికో మిర్తిస్ ఉండాలి."

"నేనూ అదే అనుకుంటున్నానే" అంది వెత్తియా గిన్నె నాకుతూ. "మా ఊళ్లో వైద్యుడూ గ్రీకువాడే. రేపు బండి కట్టించు, దీన్ని నాతో తీసుకెళతాను."

"మరి పిల్లాడో?"

"కన్నతల్లివి నువ్వుండగా వాడికి పరాయి నోరెందుకు?"

నుమీసియా దిక్కుతోచక భర్త వైపు చూసింది. ఆయన రొట్టె విరుచుకుంటూ అన్నాడు:

"సంతలో పెట్టొద్దనేగా నువ్వేడ్చింది? పెట్టటం లేదుగా. సంతోషించు."