గాబ్రియేలు పరిచిన బండలు

జూన్‌లో మిట్టపల్లె మిషన్ బడి తెరిచే రోజు విశ్వాసమ్మ టీచరుకు చేతినిండా పనే. గంట కొట్టకముందే బడి ఊడ్చాలి, నీళ్ల తొట్టి నింపించాలి, బోర్డుకు బొగ్గూ ఆకుపసరూ పూయాలి. ఆపైన కొత్తగా చేరే పిల్లల్ని ఒట్టికాళ్లతో బండల మీద నడిపించాలి. పైన రేకులు, కింద కడప నల్లబండ. పదిగంటలకే నేల పెనంలా కాలేది. నడిచే బిడ్డ పాదం కింద ఏదో ఒక బండ చల్లబడేది. అయిదో తరగతి అయ్యేదాకా అదే ఆ బిడ్డ చోటు. తూర్పున మగపిల్లలు, పడమట ఆడపిల్లలు, నడుమ చర్చిలో మాదిరి దారి. బండ ఎందుకు చల్లబడుతుందని అడిగినవాళ్లు ఆ ఊళ్లో లేరు గానీ, మావాడికి కిటికీ పక్క బండ ఎందుకు రాలేదని జగడానికి వచ్చేవాళ్లు మాత్రం ఏటా ఉండేవాళ్లు.

ఆ బండలన్నీ పరిచింది గాబ్రియేలు మేస్త్రీ. ఎర్రగుంట్ల గనుల్లో ఇరవై ఏళ్లుగా రాయి కొడుతున్న మనిషి. తన పనిని ఎవరైనా మెచ్చుకుంటే మీసం దువ్వేవాడు, మెచ్చుకోకపోతే తనే మెచ్చుకునేవాడు. కర్నూలు రాజధాని అయిన మరుసటి ఏడు తన ఒక్కగానొక్క బిడ్డను బడిలో వేశాడు. రిజిస్టరులో పేరు దావీదు.

ఆ బిడ్డ తూర్పువైపు బండలన్నీ తొక్కింది. ఒక్కటీ చల్లబడలేదు. మళ్లీ తొక్కింది. అరికాళ్లు కందిపోయాయి, పిల్లలు కిసుక్కుమన్నారు. అప్పుడు దారి దాటి పడమటివైపు పోయి, తిరుపతమ్మ అనే పిల్ల పక్కన నిలబడింది.

"టీచరమ్మా, ఈడ సల్లగుండాది."

విశ్వాసమ్మ వంగి చెయ్యి పెట్టి చూసింది. నిజమే, కుండనీళ్లలా చల్లగా ఉంది.

"ఇది ఆడపిల్లల పక్క నాయనా."

"నేనూ ఆడపిల్లనే టీచరమ్మా. మా ఇంట్లోనే తెలీదు."

మధ్యాహ్నానికల్లా కబురు గాబ్రియేలు చెవిన పడింది. ఇంకొకడైతే బిడ్డను కొట్టేవాడు. ఈయనకు మాత్రం తన బండల మీద అనుమానం వచ్చింది. మరునాడు పొద్దున్నే ఎద్దులబండిలో కొత్త బండలేసుకొని, గడ్డపారతో దిగాడు.

"నా పనిలో యాడనో వంకుండాది టీచరమ్మా. ఈపొద్దు సరిచేస్తా. అప్పటికీ మగపిల్లోళ్ల పక్క వానికి సోటు రాకుంటే గనికి తోడుకోని పోతా. రాయి కొట్టను సదువెందుకు?"

గనికి పోయిన పిల్లలు మళ్లీ పలక పట్టింది విశ్వాసమ్మ ఎన్నడూ చూడలేదు. పిల్లల్ని బయట వేపచెట్టు కిందికి తీసుకుపోయింది. లోపల సుత్తి చప్పుడు మొదలైంది.

ఎక్కాలు చెప్పబోతుంటే హనుమన్న లేచాడు. ఆ తరగతిలో అందరికంటే నోరున్నవాడు.

"టీచరమ్మా, దావీదు మగపిల్లోడే గదా? మరి అట్లంటాండాడేమి?"

ట్రైనింగు స్కూల్లో ఈ పాఠం ఆమెకు ఎవరూ చెప్పలేదు. చీర కొంగు నడుముకు దోపుకొని హనుమన్న వైపు తిరిగింది.

"నువ్వు మగపిల్లోడివని నీకెవరు సెప్పినారు హనుమన్నా?"

"ఎవరు సెప్పాల? నాకే తెలుసు."

"నిద్దర్లోనో?"

"నిద్దర్లో గూడా తెలుసు!"

"ఆ బిడ్డకూ అట్లే తెలుసు. పుట్టినపొద్దు మంత్రసాని సూసి సెప్పేది ఒకటి, మనకు లోపల తెలిసేది ఒకటి. శానామందికి రెండూ ఒకటే. కొందరికి కాదు. అది రోగం కాదు, పాపమూ కాదు. లోపల తెలిసినదాన్ని బయటికి సెప్పను మాత్రం శానా ధైర్యం కావాల."

తిరుపతమ్మ చెయ్యెత్తింది. "ఆదోని కాడ మా అవ్వోళ్ల ఊర్లో ఎల్లమ్మ జోగప్పలుండారు. మగోళ్లుగా పుట్టినోళ్లే గానీ చీరలు కట్టుకుంటారు. వాళ్లూ అంతేనా?"

"వాళ్లలోనూ అట్లాటోళ్లుంటారు. జనం వాళ్లకు దండం పెడతారు గానీ బళ్లో సోటియ్యరు. మనం దండం పెట్టొద్దు, సోటిద్దాం." ఆమె ఆ బిడ్డ వైపు తిరిగింది. "నిన్నేమని పిల్సాల?"

"ఎస్తేరు," అంది ఆ బిడ్డ. ఎన్నాళ్లనుంచి దాచుకుందో, తడుముకోకుండా చెప్పింది.

హనుమన్న ఒకసారి దావీదు అని నాలిక కరుచుకొని, ఎస్తేరు అని సరిదిద్దుకున్నాడు. పదకొండేళ్ల ఉద్యోగంలో ఇంత బాగా పాఠం అప్పజెప్పిన తరగతిని విశ్వాసమ్మ చూడలేదు.

సుత్తి చప్పుడు ఆగింది. లోపలికి వెళ్లి చూస్తే, నిన్న చల్లబడిన బండను గాబ్రియేలు పెళ్లగించి తెచ్చి తూర్పువైపు పరిచేశాడు. పడమట ఆ ఖాళీలో, బండిలో ఎండకు కాగిన కొత్త బండ వేశాడు.

"నడువు," అన్నాడు బిడ్డతో.

ఎస్తేరు తూర్పున నిన్నటి బండ మీదే కాలు పెట్టింది. చురుక్కుమంది. కాలు తీసేసుకుని, దారి దాటి, ఎవరూ ఇంతవరకు తొక్కని కొత్త బండ మీద నిలబడింది.

గాబ్రియేలు మోకాళ్ల మీద కూర్చుని ఆ రాతికి అరచెయ్యి ఆనించాడు. చల్లగా ఉంది. నమ్మలేక సుత్తితో తట్టాడు. పగులున్న రాయి డొల్లగా మోగుతుంది. ఇది ఖంగుమంది.

సుత్తి పక్కన పెట్టాడు.

"బండలో వంకలేదు టీచరమ్మా."

"లేదన్నా."

"నా బిడ్డలో?"

"అసలు లేదు."

ఆయన తల పంకించి, బిడ్డ మొహంలోకి చూశాడు. "ఏం పేరు పెట్టుకున్యావు?"

"ఎస్తేరు నాయనా."

గాబ్రియేలు లేచి మోకాళ్ల దుమ్ము దులుపుకున్నాడు. మీసం మీదికి చెయ్యి పోయింది. "ఇన్యారా పిల్లోళ్లూ! ఇరవై ఏండ్లు రాయి కొట్టినా కాగిన బండను సల్లబరచను నాకు సేతకాలా. నా కూతురు కాలు పెట్టి సల్లబరిచింది."

విశ్వాసమ్మ రిజిస్టరు తెరిచి దావీదు కొట్టేసి ఎస్తేరు అని రాసింది. ఇన్‌స్పెక్టరు అడిగితే ఏం చెప్పాలో ఆమెకు ఇప్పుడు తెలుసు. ఎస్తేరు కూర్చుని పలక తీసింది. గనికి గాబ్రియేలు ఒక్కడే వెళ్లాడు.