మా ఆవిడ మాటలు తుడిచేస్తామన్నారు

“ఇక్కడ సంతకం పెట్టండి అంకుల్” అంది కౌంటరు దగ్గరి అమ్మాయి. ఎక్కడ పెట్టాలో గోటితో చూపించింది.

నేను చదువుకున్నది మూడో తరగతి. కూడబలుక్కుంటే గాని అక్షరాలు మాట అవవు. ఆ కాగితం చదవడానికి చాలాసేపు పట్టింది. వెనక వరసలో ఎవరో రెండుసార్లు దగ్గారు. దగ్గనీ అనుకున్నాను. కాగితం పెద్దదే గాని అందులో ఉన్న సంగతి చిన్నది. ఫోన్‌లో ఉన్నదంతా తుడిచేస్తాం, పోయినదానికి మాకు పూచీ లేదు. అంతే.

“ఇందులో మా ఆవిడ మాటలున్నాయమ్మా” అన్నాను.

“రికార్డింగులా? బ్యాకప్ పెట్టుకోలేదా అంకుల్?”

“అదేంటో నాకు తెలీదు. మాటలున్నాయి.”

ఆ అమ్మాయి నా పక్కన నిలబడ్డ మా ఆవిడ వంక చూసింది. మెడ చుట్టూ కప్పుకున్న పల్చటి గుడ్డ చూసింది. చూసి, కాగితాన్ని నా వైపు మరికాస్త జరిపింది.

ఏడాది కిందటిదాకా మా ఇంట్లో మాటలన్నీ మా ఆవిడవే. నేను తోలు పని చేస్తాను. కత్తులకి ఒరలు, కత్తెరలకి సంచులు, పనిముట్లు నడుముకి కట్టుకునే పట్టాలు. పొద్దున కూర్చుంటే సాయంత్రం దాకా నోరు విప్పే అవసరం ఉండదు. దారం పళ్ళ మధ్య పట్టుకుంటే మాట్లాడటం కుదరదు కూడా. అందరూ నన్ను మూగాయన అంటారు. “మూగాయన ఉన్నాడా?” అని మా ఆవిడనే అడిగేవాళ్ళు. బేరాలు ఆవిడే ఆడేది. నాకు జ్వరమొస్తే ఎక్కడ నొప్పో డాక్టరుకి ఆవిడే చెప్పేది. చాలాసార్లు సరిగ్గానే చెప్పేది.

అలాంటి మనిషికి గొంతులో గడ్డ వచ్చింది. మాట పుట్టే చోటునే కోసి తీసెయ్యాలన్నారు. డాక్టరమ్మ మంచిది. “ఇంకా తొమ్మిది రోజులుంది. కావలసిన మాటలు ఫోన్‌లో చెప్పి పెట్టుకోండి. తర్వాత మీ గొంతుతోనే వాడుకోవచ్చు” అంది. మా అమ్మాయి ఫోన్‌లో ఏదో ఎక్కించింది. తెర నిండా చిన్న చిన్న బొమ్మలు. ఒక్కో బొమ్మ నొక్కితే ఒక్కో మాట.

ఇంకొకరైతే పాతిక మాటలతో సరిపెట్టుకునేవారేమో. మా ఆవిడ తొమ్మిది రోజుల్లో మూడువందల పన్నెండు చెప్పింది. “మంచినీళ్ళు”, “నొప్పిగా ఉంది”, వడ్డించేవాళ్ళకి చెప్పడానికి “చాలు”, ఇలాంటివన్నీ మొదటి రోజు పొద్దున్నే అయిపోయాయి. మిగతావి చాలామటుకు నా గురించే. “చూసుకుని నడవండి.” “ఆ కళ్ళజోడు మీ నెత్తినే ఉంది.” “నోట్లో నాలుక లేదా? గట్టిగా చెప్పండి.” “మీకెన్నిసార్లు చెప్పాలి” అన్నది మాత్రం రెండు రకాలు. మామూలుగా ఒకటి, కోపంగా ఒకటి.

ఆపరేషన్ అయినప్పటి నుంచి ఆ ఫోన్ ఆవిడ మెడలోనే వేలాడుతుంది. చూడకుండా నొక్కుతుంది. కూరగాయల బండి దగ్గర ఇప్పటికీ బేరం ఆవిడదే.

ఆ నోరు మంగళవారం మూతబడింది.

అంతకు రెండు రోజుల ముందు నుంచే ఫోన్‌లో గొంతు తగ్గుతూ వచ్చింది. ఆవిడ పక్కనున్న మీట నొక్కి పెంచేది. అది మళ్ళీ తగ్గిపోయేది. నాకే చెవుడు వస్తోందేమో అనుకున్నాను. నా చిన్న ఫోన్‌లోంచి మా అమ్మాయికి చెప్పాను. “ఒకసారి ఆపి మళ్ళీ ఆన్ చెయ్యండి నాన్నా, అదే సర్దుకుంటుంది” అంది. ఆపాం. ఆన్ చేశాం. నల్లటి తెర వచ్చింది. మధ్యలో ఏదో గుర్తు, దాని కింద చీమల్లాంటి ఇంగ్లీషు అక్షరాలు. ఎన్నిసార్లు ఆపి పెట్టినా అదే తెర. మా ఆవిడ బొమ్మలుండే చోట వేలితో కొడుతూనే ఉంది.

మా వీధి చివర ఫోన్లు బాగుచేసే ఆయన్ని అందరూ మదర్‌బోర్డు అని పిలుస్తారు. ఏ ఫోన్ తెచ్చినా ముందు ఆ మాటే అంటాడు.

“ఈ తోలు కవరు ఎవరు కుట్టారు? ఊడదీస్తుంటే నా గోళ్ళు ఊడుతున్నాయి” అన్నాడు.

“నేనే.”

“భలే బిగించావు పెద్దాయనా!”

ఆ మాటకి లోపల గర్వపడ్డాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

కవరు తీసి తెర చూసి పెదవి విరిచాడు. “ఇది బూట్‌లోడర్‌లో ఇరుక్కుంది. ఫోన్ నిద్ర లేచేముందు ఒక గుమ్మం ఉంటుందనుకో. లోపలికి రాదు, బయటికి పోదు. గుమ్మంలో కూలబడింది.”

“లేపు మరి.”

“లేపడమంటే లోపలున్నదంతా ఊడ్చేసి కొత్తగా ఎక్కించాలి. అప్పటికీ లేవలేదంటే ఇక మదర్‌బోర్డే.”

“ఊడ్చేస్తే మాటలేమవుతాయి?”

“ఊడ్చాక ఏం మిగులుతుంది పెద్దాయనా? చెత్త ఒక్కటే పోవాలంటే ఎలా?”

చెత్తట. నాకు ఒళ్ళు మండింది.  ఫోన్, కవరు తీసుకుని వచ్చేశాను. అక్కణ్ణుంచి పెద్ద రోడ్డు మీద అద్దాల గదిలో ఉన్న ఈ సర్వీస్ సెంటరుకి వచ్చాం.

ఈ అమ్మాయి ఫోన్‌కి తీగ తగిలించింది. పక్క మీట నొక్కి, తెర మీదున్న వరసల్లో పై వరస ఎంచుకోబోయింది. వరసని చూపించే గుర్తు పైకి వెళ్ళినట్టే వెళ్ళి, దానంతట అదే కిందికి జారిపోయింది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ జారింది.

“చూశారా, సాఫ్ట్‌వేర్ ఎలా తిక్కతిక్కగా చేస్తోందో” అంది. అంతే. తొమ్మిది రోజులు కూర్చుని కూడబెట్టిన గొంతుకి జరిగిన పరీక్ష అంతే. తర్వాత కాగితం తీసింది.

ఎలుక మీద కోపానికి ఇల్లు తగలబెడతారా అని అడగాలనుకున్నాను. ఇది మనిషి నోరు, పలక కాదు తుడవడానికి అని చెప్పాలనుకున్నాను.  ఇలాంటివి నా బదులు అడిగే మనిషి నా పక్కనే నోరు లేకుండా నిలబడి ఉంది.

“పెట్టను” అన్నాను.

“అయితే మేమేం చెయ్యలేం అంకుల్. నెక్స్ట్!”

బస్సులో మా ఆవిడ నా జేబులోంచి పెన్ను లాక్కుంది. టోకెన్ చీటీ వెనక రాసి నా ఒళ్ళో పెట్టింది. కూడబలుక్కున్నాను. “తుడిచెయ్యనివ్వండి. ఫోన్‌లో రాసి చూపించుకోవడానికైనా పనికొస్తుంది.”

ఏనాడూ బేరంలో వెనక్కి తగ్గని మనిషి. అడిగిన ధరకి ఒప్పేసుకుంది. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. మదర్‌బోర్డు మీద, ఆ కాగితం మీద, మాటలు ఇంకోచోట దాచిపెట్టని మా అమ్మాయి మీద, కనీసం దాచిపెట్టమని అడగని నా మీద. చీటీ నలిపి కిటికీలోంచి పారేశాను. మా ఆవిడ నా వంక అదోలా చూసింది.

ఇంటికొచ్చి పీట మీద కూర్చున్నాను. చేతిలో పని లేకపోతే నాకు ఆలోచన సాగదు. ఆ ఫోన్‌నే అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాను. గొంతు తగ్గింది. పెంచితే మళ్ళీ తగ్గింది. తెర మీద గుర్తు పైకి తోస్తే కిందికి జారింది. రెండూ కిందికే. ఊరికే ఎందుకు జారుతుంది? ఎవరో నొక్కుతూ ఉండాలి.

పక్కనున్న పొడుగు మీట మీద బొటనవేలు పెట్టాను. పై కొస నొక్కితే దిగి మళ్ళీ లేచింది. గొంతు తగ్గించే కింది కొస లేవలేదు. అప్పటికే దిగి ఉంది. అంచున గోరు పెట్టి గీకితే గోధుమరంగు ముద్ద వచ్చింది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

మైనం. నాది.

తోలు తడిపి, వస్తువు మీద బిగించి ఆరబెడితే, ఆరాక ఆ ఆకారం దానికి వచ్చేస్తుంది. కత్తి అయినా కత్తెర అయినా అసలు వస్తువు మీద బిగించకూడదు, అదే కొలతకి చెక్క అచ్చు చెక్కుకోవాలి. నాకు పని నేర్పిన మేస్త్రీ దీనికోసం నన్ను కొట్టాడు కూడా. ఆ ముందు శనివారం రాత్రి ఈ కొత్త కవరు చేసేటప్పుడు నేను అచ్చు చెక్కలేదు. మీటల ఉబ్బు కూడా తోలులో దిగితే, మా ఆవిడ చూడకుండా వేలితో వెతుక్కోగలదని తెలివితేటలకి పోయాను. ఆవిడ పడుకున్నాక పల్చటి ప్లాస్టిక్ చుట్టి, ఫోన్ మీదే తడి తోలు బిగించాను. పొద్దున లేచేసరికి ఆరి, ఫోన్‌ని కరిచి పట్టుకుంది. మీట దగ్గర తోలు ఒత్తుతోందని ప్లాస్టిక్ లాగేసి, చిన్న బెజ్జం కోశాను. అంచులకి వేడి మైనం రాసి రుద్దాను. నిగనిగలాడింది. ఆ మైనమే బెజ్జంలోంచి దిగి, తోలు ఒత్తిడికి అణిగి ఉన్న మీటని అక్కడే పట్టేసింది. కవరు తీసినా మీట లేవకపోవడానికి కారణం అదే. నల్ల తెరకీ అదే కారణమని, ఆ మీట దిగి ఉండగా ఆన్ చేస్తే ఫోన్ గుమ్మంలోనే ఆగిపోతుందని తర్వాత మా అమ్మాయి చెప్పింది.

వేడినీళ్ళ గ్లాసుకి ఆ పక్కని కాసేపు ఆనించి ఉంచాను. నీళ్ళు తగలకుండా. మైనం మెత్తబడ్డాక వెదురు పుల్ల చెక్కి, సందులో కొంచెం కొంచెంగా లాగాను. కొసకి గుడ్డ చుట్టి తుడిచాను. మీట టక్కున పైకి లేచింది. అంత చిన్న చప్పుడు. దానికోసం ఒక మనిషిని తుడిచెయ్యబోయారు.

ఆన్ చేశాను. కంపెనీ గుర్తు వెలిగింది. నల్ల తెర రాలేదు. బొమ్మలు వచ్చాయి.

మా ఆవిడని పిలిచాను. పరుగెత్తుకొచ్చి ఫోన్ లాక్కుని, మీట నొక్కి గొంతు పెంచి, ఓ బొమ్మ నొక్కింది.

“ఆ కళ్ళజోడు మీ నెత్తినే ఉంది” అంది ఫోన్. తడుముకుంటే నెత్తినే ఉంది.

ఆవిడ నవ్వుతోంది. అలా నవ్వుతూ ఉండగా ఊరుకుంటే పోయేది. కానీ ఆ మైనం ముద్ద నా గోట్లోనే ఉంది.

“నేనే చేశానే” అన్నాను. “అచ్చు చెక్కలేదు. మైనం మీటలోకి దిగింది.”

నవ్వు ఆగిపోయింది. వేలు తెర మీద ఓ క్షణం నిలిచింది. తర్వాత మొదలుపెట్టింది. “కళ్ళు కనబడటం లేదా?” “చెప్తే వినరు కదా.” “మీకెన్నిసార్లు చెప్పాలి” మామూలుది. “మీకెన్నిసార్లు చెప్పాలి” కోపంది. ఒకదాని తర్వాత ఒకటి, పై నుంచి కింది దాకా, నా పేరున ఉన్నవన్నీ. నేను పీట మీద కూర్చుని విన్నాను. ఒక్కటీ తక్కువ కాలేదు.

మర్నాడు పొద్దున్నే చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడి “పదండి” నొక్కింది. ఎక్కడికో అర్థమైంది.

“బాగైపోయింది కదా, ఇంకెందుకు?” అన్నాను.

“పదండి” మళ్ళీ.

కౌంటరు దగ్గర అదే అమ్మాయి, అవే కాగితాలు. “సంతకం పెడతారా అంకుల్?” అంది.

“ఫోన్ బాగైంది” అన్నాను. నా మాట నాకే వినబడలేదు.

“ఏంటి అంకుల్?”

“నోట్లో నాలుక లేదా? గట్టిగా చెప్పండి” అంది మా ఆవిడ మెడలోని ఫోన్. గదిలో ఉన్నవాళ్ళందరూ మా వైపు తిరిగారు.

“తప్పు నాది” అన్నాను గట్టిగా. “మైనం నాది. మీట ఇరుక్కునేలా చేసింది నేనే. కానీ అమ్మాయ్, నేను తోలు పనివాణ్ణి. ఫోన్ పని మీది. నువ్వు పైకి నొక్కితే అది కిందికి జారింది. నీ కళ్ళముందే జారింది. కింది మీట దిగి ఉందేమోనని ఒక్కసారి వేలు పెట్టి చూడలేదేం?”

“మాకు ఇచ్చిన కాగితంలో అలాగే ఉంది అంకుల్. ఈ తెర వస్తే డేటా తీసెయ్యాలి అని.”

“అయితే ఆ కాగితం రాసినవాణ్ణి పిలువు. చెప్పు గుచ్చుకుంటోందని నా దగ్గరికొస్తే నేను ముందు లోపల చెయ్యి పెట్టి మేకు కోసం వెతుకుతాను. కాలు తీసెయ్యాలి, సంతకం పెట్టు అనను. తుడిచెయ్యడం మీకు రెండు నిమిషాల పని. ఈవిడ తొమ్మిది రోజులు కూర్చుని చెప్పింది ఆ మాటలు. మళ్ళీ చెప్పమంటే ఎక్కణ్ణుంచి తెస్తుంది? చూడకుండా తుడుస్తామనడానికి మీకు నోరెలా వచ్చింది?”

ఆ అమ్మాయి మొహం ఎర్రబడింది.  నా వెనకనున్న ఆయన తన ఫోన్ బల్ల మీద పెట్టాడు. దాని మీదా అదే నల్ల తెర. ఆ అమ్మాయి చెయ్యి అలవాటుగా కాగితాల మీదికి పోయి, మధ్యలో ఆగింది. ఫోన్ తీసుకుని, పక్క మీటని ఒక కొస నొక్కి చూసింది. తర్వాత రెండో కొస.

నాకింకా చెప్పాలని ఉంది. మదర్‌బోర్డు సంగతి ఉంది. చెత్త అన్న సంగతి ఉంది. అప్పుడే ఊపొచ్చింది.

“ఇంకో మాట” అని మొదలుపెట్టాను.

మా ఆవిడ నా మోచెయ్యి పట్టుకుని, ఫోన్ వంక చూడనైనా చూడకుండా నొక్కింది.

“చాలు.”