కర్చీఫ్ వేసిన సీటు

నేను ఒక రైలు పెట్టెని. పట్టాలు మాత్రం ఎన్నడూ చూడలేదు. చక్రాలు కూడా లేవు. వినగానే నవ్వొస్తే నవ్వండి, మొహమాటపడకండి. నన్ను చూసి చప్పట్లు కొట్టిన ఊరే తర్వాత నన్ను చూసి నవ్వింది. మీ నవ్వు నాకేం కొత్త కాదు.

మా ఊరి పేరు చెప్పను. చెబితే పక్క ఊరివాళ్లు "ఇది మా కథే" అని పోట్లాటకొస్తారు. హైదరాబాదు పక్కన నిలబెడితే చిన్నది, చుట్టుపక్కల టౌన్ల పక్కన నిలబెడితే పెద్దది. అలాంటి ఊళ్లన్నిటికీ ఉండే జబ్బే మా ఊరికీ ఉంది, పెద్ద ఊళ్లో ఉన్నవన్నీ తనకూ కావాలి. అక్కడ మెట్రో వచ్చిందని విన్నప్పటి నుంచి ఇక్కడ ఎవరికీ కంటి మీద కునుకు లేదు. అంత పెద్దది మీకెందుకు, దాని చెల్లెలిలాంటిది లైట్ మెట్రో ఉంది, పెట్టెలు చిన్నవి, ఖర్చు తక్కువ, అది వేస్తాం అన్నారు పైవాళ్లు. అయితే ముందు జనం మద్దతు ఉందని రుజువు చేయమన్నారు. ఉత్త మాటలకు జనం ఎంతని ఊగుతారు? కళ్లకు ఏదైనా కనపడాలి. అలా కనపడటానికి పుట్టాను నేను.

నన్ను చేసింది సత్యానందం. ఊరి శివార్లో షెడ్డు వేసుకుని వినాయకులనూ, నాయకులనూ, బట్టల షాపుల ముందు దండం పెట్టే బొమ్మలనూ చేసేవాడు. నేను పుట్టేటప్పుడు నాకు ఒక పక్క సగం రంగు పడిన వినాయకుడు, ఇంకో పక్క మెడ దాకా తయారైన నాయకుడు ఉండేవారు. ఆ నాయకుడికి ఇంకా తలకాయ పెట్టలేదు. ఎన్నికల్లో ఎవరు గెలుస్తారో చూసి పెడదామని ఆపాడు సత్యానందం. లోకజ్ఞానం అంటే అదీ.

నాకు పైన ఫైబరు, లోపల ప్లైవుడ్డు. సీట్లు మాత్రం అసలువే, బస్సు బాడీలు కట్టేచోట నుంచి తెచ్చారు. చక్రాలు ఉండాల్సిన చోట ఇటుకలు పేర్చి, అవి కనపడకుండా చుట్టూ నీలం రేకు దించారు. లోపల ఏసీ లేదు గనక కిటికీలు తెరిచి ఉంచారు. అసలు రైలుకు కిటికీలు తెరుచుకోవట. ఆ తెరిచిన కిటికీలే కొంప ముంచాయి.

నన్ను స్టేడియంలో నిలబెట్టారు. బ్యాండు మేళం, బెలూన్లు, మైకు. మైకు పట్టుకున్నాయన శశిభూషణ్ గారు, ప్రచారం అంతా ఆయన చేతుల మీదే నడిచింది. చెడ్డవాడు కాదు, ముందే చెబుతున్నాను. మెత్తగా మాట్లాడేవాడు. తను చెప్పేది తను నమ్మేవాడు. నమ్మి చెప్పేవాడి మాట ఎంత ప్రమాదమో నాకప్పుడు తెలియదు.

ఊరు ఊరంతా విరగబడింది. పెద్దలు నా ముందు నిలబడి ఫొటోలు దిగారు. కాలనీ సంఘాలవాళ్లు స్టేషన్ తమ వీధి చివరే ఉండాలని ఒకరి మీద ఒకరు లేచారు. స్టేషన్లకు పేర్లు కూడా పెట్టేశారు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. ఒక పూజారిగారు వచ్చి నా ముక్కుకు పసుపూ కుంకుమా పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెడదామని వంగి, రేకు ఎత్తి చూశారు. ఇటుకలు కనిపించాయి. కాసేపు ఆలోచించి, "ఇంకా బిగించలేదు కాబోలు" అని నిమ్మకాయల్ని ఇటుకల ముందే పెట్టి లేచారు. ఆ కాస్త నిజం చూసింది ఆయనొక్కడే. ఆయన కూడా నమ్మడానికే ఇష్టపడ్డాడు.

ఆ సందట్లోనే వచ్చింది నాంచారమ్మ. కాలువ కట్ట మీద గుడిసెల్లో ఉండేది. తెల్లారుతూనే పూల మార్కెట్‌కు వెళ్లి మల్లెలూ బంతులూ తెచ్చి, దండలు కట్టి అమ్మేది. మోకాళ్ల నొప్పులు. పూల బుట్టతో బస్సెక్కితే కండక్టర్లు కసిరేవాళ్లు. కట్ట మీద ఆమె మాటంటే మాటే, పెళ్లిళ్లకైనా పంచాయితీలకైనా ఆమెనే ముందు పిలిచేవాళ్లు. వెనకాల పదిమంది ఆడవాళ్లను వేసుకుని నాలోకి ఎక్కింది. సీటు మీద చెయ్యి పెట్టి నొక్కి చూసింది.

"సారూ, బుట్ట లోపలికి రానిస్తారా?" అని అడిగింది శశిభూషణ్ గారిని.

"చక్రాల కుర్చీలే వస్తాయమ్మా, మీ బుట్ట రాదా? మీరే దీనికి ఓనర్లు."

ఓనరు అన్న మాటకు ఆడవాళ్లంతా కిసుక్కుమన్నారు. ఆయన ఇంకా చెప్పాడు. లైను కాలువ కట్ట మీదుగానే పోతుందట. కట్ట మీదవాళ్లకు ఊరి బయట కొత్త కాలనీలో పక్కా ఇళ్లు ఇస్తారట. ఆఖరి స్టేషన్ ఆ కాలనీలోనేనట. అక్కడ ఎక్కితే పూల మార్కెట్ దగ్గర దిగడమే.

"రైలు రాకుండా మమ్మల్ని లేపరు కదా?"

"రైలూ ఇళ్లూ ఒకేసారమ్మా. నా మాట నమ్మండి."

నాంచారమ్మ కిందికి దిగింది. దిగి, నా పక్కగా వచ్చి, నడుముకు దోపుకున్న కర్చీఫ్ తీసి, ముందు కిటికీలోంచి చెయ్యి పెట్టి సీటు మీద పరిచింది. మీకు చెప్పక్కర్లేదు, బస్టాండులో మనవాళ్లు చేసేదే. కర్చీఫ్ వేశామంటే ఆ సీటు మనది, మనం వచ్చేదాకా ఇంకెవరూ కూర్చోరు. "ఇది నాది, నేనొస్తన్నా" అంది గట్టిగా. అంతే, తక్కినవాళ్లు కూడా కిటికీల మీద పడ్డారు. కర్చీఫులు, తువ్వాళ్లు, ఒకావిడ ఏమీ దొరక్క సంచీ విసిరింది. నా సీట్లన్నీ నిండిపోయాయి. నేను పొంగిపోయాను. ఒప్పుకోవడానికి సిగ్గేముంది, ఆ రోజు నిజంగానే రైలునైపోయాననుకున్నాను.

మర్నాడు పేపర్ల నిండా ఆ ఫొటోనే. కిటికీలోంచి కర్చీఫ్ వేస్తూ నవ్వుతున్న నాంచారమ్మ. కింద పెద్ద అక్షరాలతో "సీటు ఆపుకున్న నగరం". ఇంతకన్నా జనం మద్దతు ఏం కావాలని శశిభూషణ్ గారు ఆ ఫొటోను పెద్దది చేయించి పైకి పంపారు. ప్రదర్శన అయ్యాక ఆ కర్చీఫులన్నీ పోగేసి నా అద్దాలు తుడిచారు.

తర్వాతి సంగతులు నేను కళ్లారా చూడలేదు. చాలాకాలానికి నాంచారమ్మ నోటే విన్నాను. కట్ట మీదకు కొలతలవాళ్లు వచ్చారట. పక్క గుడిసె ఏసుమణి అడ్డం తిరిగింది.

"పట్టాలు కంటబడ్డాక కొలుచుకోమందాం వదినా. ఇప్పుడే ఎందుకు?"

"ఓసి పిచ్చిదానా, గేదెని కొన్నోడు పలుపుతాడు కొనడా? పెట్టె వచ్చేసింది, నేనెక్కి కూర్చున్నా. పట్టాలు రావా?"

ఆమె తప్పు అదే. కానీ అది ఎవరు చెయ్యని తప్పు? పట్టాలకన్నా ముందు పెట్టెను చేయించేవాళ్లు ఉంటారని ఏ గేదెల సంతలోనూ ఎవరూ నేర్పరు. కట్టంతా ఆమె మాట మీద తలూపింది. ఇళ్ల మీద ఎర్రరంగు గుర్తులు పడ్డాయి.

ఆ వెనకే ఖాళీ చేయమన్నారు. రైలు పట్టా లేదు, కంకర లేదు, ఒక్క గొయ్యి తవ్వలేదు. నాంచారమ్మే ముందు నిలబడి అందరితో కోర్టుకు పోయింది. అక్కడ అవతలి వకీలు ఎక్కువేం మాట్లాడలేదట. ఆ ఫొటో తీసి చూపించాడట.

"ఇందులో ఉన్నది మీరేగా?"

"నేనేనండి."

"మీ ఇష్టంతోనేగా సీటు ఆపుకున్నారు?"

"ఇష్టంతోనేనండి. కానీ..."

ఆ కానీ వెనకాల ఏముందో వినే తీరిక అక్కడ ఎవరికీ లేకపోయింది. కర్చీఫ్ వేయడమంటే నన్ను వదిలేసి వెళ్లకండి అని. వాళ్లు దాన్ని "మా ఇల్లు పడగొట్టుకోండి" అని చదువుకున్నారు. చదువుకున్నవాళ్లు కదా.

కట్ట ఖాళీ అయింది. అందరినీ ఊరి బయట కొత్త కాలనీకి తోలారు. ఆ తర్వాత ఎన్నికలు వచ్చి పోయాయి, సత్యానందం తన నాయకుడికి తలకాయ పెట్టేశాడు. కొత్తగా వచ్చినవాళ్లు మళ్లీ లెక్కలు తీయించారు. ఈ ఊరికి లైట్ మెట్రో గిట్టదు, రైలుకు చాలినంత జనం లేరు అని తేల్చారు. రైలెక్కడానికి చాలని జనం, ఇళ్లు ఖాళీ చేయడానికి మాత్రం ఎలా చాలారో ఎవరూ అడగలేదు. ఖాళీ కట్ట మీద పొద్దున్నే నడిచేవాళ్ల కోసం బాట వేసి, మొక్కలు నాటి, ఇనప కంచె కట్టారు. నా ముందు ఫొటోలు దిగిన పెద్దలే బూట్లేసుకుని అక్కడ నడుస్తున్నారట. రైలు మాటెత్తితే "ఇంత చక్కటి బాట పాడవుతుంది, ఎందుకండీ" అంటున్నారట. ఏరు దాటాక తెప్ప తగలేయడమంటే ఇదే. ఏరు దాటింది వాళ్లు, తగలబడింది నాంచారమ్మ తెప్ప.

నన్ను మునిసిపాలిటీ యార్డులో పడేశారు. చచ్చిన చెత్త లారీల మధ్య ఎండకు ఎండాను, వానకు నానాను. సీట్లు ఎవరి ఇంటి వరండాలకో చేరాయి. ముందు సీటు ఒక్కటి మిగిలింది, దాని బోల్టులు తుప్పు పట్టి ఊడి రాలేదు. అంతలో కొత్త కాలనీవాళ్లు, రైలు సంగతి సరే, కనీసం బస్సు కోసం నిలబడటానికి నీడైనా లేదని ధర్నా చేశారట. షెల్టర్ కట్టాలంటే టెండరు పిలవాలి. నన్ను తీసుకెళ్లి పడేయాలంటే లారీ చాలు.

అలా చివరికి ఆఖరి స్టేషన్‌కు చేరాను, లారీ మీద. క్రేను నన్ను మళ్లీ ఇటుకల మీదకే దింపుతుంటే కాలనీ మొత్తం చుట్టూ మూగింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఏసుమణి జనంలోకి తిరిగి అరిచింది.

"వదినా, నీ రైలొచ్చిందే! రా, ఎక్కు!"

జనం నవ్వారు. ఆ నవ్వు నా ఫైబరును కోసింది, నిజం. జనం మధ్యలోంచి నాంచారమ్మ నడిచి వచ్చింది. మోకాళ్లు ఇంకా పాడయ్యాయి. నా ముక్కు మీద చెయ్యి వేసింది, రేకు కిందికి వంగి చూసింది. ఇటుకలు చూసింది. లోపలికెక్కి ముందు సీట్లో కూర్చుని ఏడ్చింది. ఇళ్లు తీసేసినవాళ్లను ఎవరూ తిట్టడం లేదు, వాళ్లు ఎక్కడుంటారో ఎవరికీ తెలియదు. నాంచారమ్మ ఎక్కడుంటుందో అందరికీ తెలుసు. నీళ్ల ట్యాంకరు దగ్గర, రేషను షాపు దగ్గర, "నీ మాట నమ్మే గదా వచ్చాం" అని ఆమెనే అంటారు. తన మాటకున్న విలువ పోయిందని ఏడ్చింది ఆమె. ఇల్లు పోయినందుకు కూడా అంతగా ఏడవలేదేమో.

పూల వ్యాపారమూ పోయినంత పనైంది. కాలనీకి వచ్చే మొదటి బస్సు మార్కెట్‌కు చేరేసరికి పెళ్లి పూలన్నీ అమ్ముడైపోతాయి. ఆలస్యంగా వెళ్లినవాళ్లకు మిగిలేది వాడినవీ, రేకులు రాలినవీ. అవి చావు దండలకే పనికొస్తాయి. పెళ్లిమండపాలకు దండలిచ్చిన మనిషి ఇప్పుడు శ్మశానానికి దండలు కడుతోంది. నాలో కూర్చుని, బస్సు కోసం చూస్తూ, ఆ కథలన్నీ నాకో తనకో తెలియనట్టు చెప్పుకుంటూ ఉండేది.

ఆ మధ్య కాలనీలోకి కార్లు వచ్చాయి. ముందు కారులోంచి శశిభూషణ్ గారు దిగారు. జుట్టు నెరిసింది, హోదా పెరిగింది. నన్ను చూడగానే ముఖం వెలిగిపోయింది. "అరే, ఇది మన పెట్టే కదా!" అని నా ఒళ్లు తట్టారు. పక్కనే నిలబడ్డ నాంచారమ్మను మాత్రం గుర్తుపట్టలేదు. లైట్ మెట్రోను మళ్లీ తెరమీదికి తెచ్చారట. ఈసారి తప్పకుండా వస్తుందట. మళ్లీ జనం మద్దతు కావాలట.

అందరూ నాంచారమ్మ వైపు చూశారు. ఈసారి ఆమె ఏమంటుందోనని నేను కూడా బిగుసుకున్నాను.

"కావాలి సారూ" అంది ఆమె. "రైలు మాకు గాక ఇంకెవరికి కావాలి? ఆ బాట మీద నడిచేవోళ్లకా? మా మద్దతు అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. కానీ ఈసారి కర్చీఫ్ మీరెయ్యండి. ఈ సీట్లో వేసి, మాతో పాటు కూకుని, ఈ బస్సెక్కి మార్కెట్ దాకా రండి. అప్పుడు అందరం చేతులెత్తుతాం."

ఆయన హాయిగా నవ్వారు. ఆయన నవ్వులో ఎగతాళి లేదు, అదే బాధ. జేబులోంచి తెల్లటి కర్చీఫ్ తీసి ముందు సీటు మీద పరిచారు. కెమెరావాడు ఫొటో తీసుకున్నాడు. కూర్చున్నారు కూడా. ఎండ ముదిరింది. బస్సు రాలేదు. ఆయన ఫోను మోగింది. "ఒక్క నిమిషమమ్మా, ఇప్పుడే వచ్చేస్తాను" అని లేచి కారెక్కారు. కారు వెనకాలే మిగతా కార్లన్నీ పోయాయి.

కర్చీఫ్ సీటు మీదే ఉండిపోయింది.

బస్సు చాలాసేపటికి వచ్చింది. ఆలోగా ఏసుమణి ఆ కర్చీఫ్‌ను తీసి పారేయబోయింది. నాంచారమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఉండనియ్యవే. వస్తానని వేసి పోయాడు. మన కర్చీఫ్‌లకు వాళ్లు విలువ ఇవ్వలా. మనమన్నా ఇద్దాం."

నాలో మిగిలింది ఆ ఒక్క సీటే. కర్చీఫ్ మాసిపోయింది, దాని మీద దుమ్ము పేరుకుంది. ఇప్పటికీ ఎవరూ అందులో కూర్చోరు. పొద్దున్నే నాంచారమ్మ ఖాళీ బుట్ట పట్టుకుని, ఒక చెయ్యి నా గోడకు ఆనించి, కాళ్లు మార్చి మార్చి నిలబడుతుంది. ఆయన సీటు ఆయన కోసం ఖాళీగానే ఉంది.