జాడీ ఊరుకునేదాకా

జాడీ గుసగుసలాడుతోంది.

కోటమ్మ చెవి ఆనించి వింటోంది. చల్లటి పింగాణీ. లోపల నల్ల ఎండుద్రాక్ష, చక్కెర, గుప్పెడు గోధుమలు... చిటచిటమని బుడగలు. వాసెన కట్టిన గుడ్డ మీద తీపి వాసన. ఆ వాసనకు దారి తప్పి వచ్చిన రెండు చీమలు.

ఇంకా మాట్లాడుతోంది. అంటే ఇంకా కాలేదు.

అవును, చెవితోనే. రేపల్లె చుట్టుపక్కల ద్రాక్షారసం పెట్టేవాళ్లు ఇంకా ఉంటే ఉండొచ్చు గానీ, చెవితో పెట్టేది కోటమ్మ ఒక్కతే.

ఒకప్పుడు ఇట్లా కాదు. ఇరవయ్యో రోజున చెక్క గరిటె అంచు నుంచి ఒక్క చుక్క నాలిక్కి తాకించేది. కళ్లు మూసుకునేది. "ఇంక చాలు" అనేది. అంతే, వడగట్టేసేది. ఈస్టరు నాడు చర్చిలో ఆ రసం తాగినవాళ్లు పెదాలు చప్పరించుకుంటూ ఇళ్లకు వెళ్లేవారు.

అది పంతొమ్మిది వందల అరవై ఆరు దాకా.

ఆ ఏడు ఎండాకాలంలో ఆమె ఒక్కగానొక్క కూతురు సరోజ, బాపట్లలో నేతపని వాళ్లబ్బాయి పున్నారావును చేసుకుంది. గుళ్లో పెళ్లి. తాళి, అక్షింతలు, పప్పన్నం. చర్చి సంఘంలో వెళ్లొద్దన్నారు. కోటమ్మ వెళ్లింది. పిల్ల నెత్తిన అక్షింతలు వేసింది. పంక్తిలో కూర్చుని తృప్తిగా తిన్నది కూడా.

మరి తల్లి కదా!

తిరిగొచ్చేసరికి సంఘం కూర్చుంది. సంఘపెద్ద బర్నబాస్ నేల చూపులు చూస్తూ చెప్పాడు — కోటమ్మ ఇక ప్రభువు బల్ల దగ్గరికి రాకూడదు. రొట్టె లేదు, రసం లేదు. అందరి ముందూ లేచి "తప్పు చేశాను" అన్ననాడు మళ్లీ అంతా మామూలే.

ఆ మాట కోటమ్మ అనలేదు.

మరి ద్రాక్షారసం ఎవరు పెడతారు? ఆ సంగతి ఎవరికీ తట్టలేదు. పాపం, పెద్దలు కదా, పెద్ద పెద్ద సంగతులే ఆలోచిస్తారు. మరుసటి ఏడు ఈస్టరు ఇంకా నలభై రోజులుందనగా బర్నబాస్ తెనాలి బజారు నుంచి ఎండుద్రాక్ష పొట్లం తెచ్చి అరుగు మీద పెట్టాడు. నోరు తెరిచి అడగలేదు. ఆమె కాదనలేదు.

పెట్టింది. నాలిక్కి మాత్రం తాకించలేదు. వద్దన్నారుగా, చుక్కయినా వద్దు! అంత రోషం ఆ మనిషికి. అందుకే చెవి. గుసగుస పూర్తిగా ఆగేదాకా ఆగేది. ముప్పై రోజులు... ముప్పై అయిదు... జాడీ నోరు మూశాకే వడగట్టేది.

అట్లా అయిదు ఈస్టర్లు. అందరూ తాగారు. ఎవరూ ఏమీ అనలేదు. బాగానే కుదిరిందనుకుంది. వెనక వరసలో కూర్చుని, గిన్నె ఒక్కో నోటికీ అందుతుంటే చూసేది. 

ఈ ఏడు, డెబ్బై రెండులో, ద్రాక్ష పొట్లంతో పాటు బర్నబాస్ ఒక కబురు కూడా తెచ్చాడు.

"ఒక్క మాటక్కా. ఈస్టరు నాడు లేచి ఆ ఒక్క మాట అనెయ్. అయిపోయిద్ది."

కోటమ్మ పొట్లం అందుకుంది. మోకాళ్ల నొప్పులు. చూపు మసక. రోషం ఎన్నాళ్లని మోస్తుంది మనిషి? "సరే" అంది.

రోజూ రసం కలుపుతూ ఆ మాట అలవాటు చేసుకుంది. తప్పు చేశాను. తప్పు చేశాను. గరిటె తిరిగేది. మాట గొంతులోనే తిరిగేది.

ఈస్టరు ముందు శనివారం పొద్దున జాడీ ఊరుకుంది.

ఆ పొద్దునే సరోజ దిగింది — తెనాలిలో రైలు మారి, ఏడో నెల కడుపుతో, ఆరేళ్లకు మొదటిసారి పుట్టింటికి. తొలి కాన్పు కదా అని అత్తగారు ఇప్పటికి పంపించింది. తల్లీకూతుళ్లు గుమ్మంలోనే ఏడ్చుకున్నారు. మొహాలు కడుక్కుని వడగట్టడానికి కూర్చున్నారు. గుడ్డ ఒక కొస తల్లి, ఒక కొస కూతురు.

సరోజ వేలు ముంచి నాకింది.

"అమ్మా! ఇదేంటే, ఇంత పుల్లగా ఉంది? చారు కాచుకోవచ్చు!"

"నోర్ముయ్. కడుపుతో ఉన్నదానివి, నీ నాలిక్కి ఏం తెలిసిద్ది?"

"నీ మీదొట్టు. పళ్లు జివ్వుమన్నయ్యే."

కోటమ్మ చెయ్యి ఆగిపోయింది. వేలి మీద ఒక చుక్క ఉంది. నోటి దాకా తెచ్చింది... చీరకు తుడిచేసుకుంది.

సాయంత్రం సీసాల కోసం బర్నబాస్ వచ్చాడు. "పాడైనట్టుంది తమ్ముడా" అంది మెల్లగా.

"ఎప్పుడూ ఉన్నట్టే ఉంటదిలే అక్కా" అన్నాడు, ఆమె మొహం వంక చూడకుండా.

ఎప్పుడూ ఉన్నట్టే.

ఆ మాట పట్టుకుంది ఆమెను. అయిదేళ్లు! అరవై మంది! ముసలీ ముతకా! ఒక్కరంటే ఒక్కరు మొహం చిట్లించలేదే, తను చూస్తూనే ఉందే... సిగ్గేసింది. కోపమొచ్చింది. ఆ రెండిటి వెనకే ఏడుపొచ్చింది.

ఈస్టరు ఉదయం చర్చి నిండిపోయింది. ఆడవాళ్ల చాపల మీద కోటమ్మ పక్కనే సరోజ కూర్చుంది. ఆ పిల్ల ఎదుటే కోటమ్మ అనాలి — నీ పెళ్లికి రావడం నా తప్పు అని.

పాస్టరు అయ్యగారు రసం గిన్నె చేతికి తీసుకుని ఆమె వైపు చూశారు. మోకాళ్లు పట్టేస్తే, కూతురి భుజం ఊతంగా పట్టుకుని లేచింది కోటమ్మ.

"బర్నబాసూ" అంది. "ఇన్నేళ్లూ పులిసిన రసమేనా మీరంతా తాగింది?"

చాపల వరసలన్నీ కలయజూసింది.

"ఎందుకు చెప్పలేదు?"

బర్నబాస్ లేచి నిలబడ్డాడు. "చెప్తే పెట్టడం మానేస్తావనక్కా. మానేస్తే ఇంక ఇటేపు రావని."

చాపల మీద ఎవరో ముక్కు చీదారు.

కోటమ్మకు కళ్లు నిండాయి. నలభై రోజులు అలవాటు చేసుకున్న మాట నాలుక చివరనే ఉంది. చేతి కింద సరోజ భుజం ఉంది.

"పెళ్లికెళ్లాను" అంది. "అన్నం తిన్నాను."

అక్కడితో ఆగింది. ఆ తర్వాతి మాట రాలేదు. రానివ్వలేదు.

బర్నబాస్ కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు. "పోనీలే అక్కా... వచ్చే ఏడు కాస్త ముందే వడగట్టు. తియ్యగా ఉన్నప్పుడే."

"రుచి చూడకుండా నాకెట్టా తెలిసిద్ది తమ్ముడా?"

బర్నబాస్ అయ్యగారి వైపు చూశాడు.

అయ్యగారు తన చేతిలోని గిన్నె వైపు చూశారు...