మందు వేయని ఈగలు

ఆ రోజు ఇంట్లో నాన్న, నాయనమ్మ, తేనెటీగల కేంద్రం నుంచి వచ్చిన పరిశోధకురాలు, నేను ఉన్నాం. అమ్మ డ్యూటీకి వెళ్లింది.

ఐదేళ్ల కిందట నాన్న తన ఈగలకు మందు వేయడం మానేశాడు. ఈగల్ని పీల్చి చంపే ఎర్ర నల్లి పట్టి ఇరవై పెట్టెల్లో పద్నాలుగు ఖాళీ అయ్యాయి. మిగిలిన ఆరూ నల్లిని తట్టుకున్నాయని ఆయన నమ్మకం.

"బలహీనమైనవి పోయాయండీ. తట్టుకున్నవాటి పిల్లలే ఇవి. ఇప్పుడు ఆ గుణం వీటి పుట్టుకలోనే ఉంది," అన్నాడు నాన్న.

"పెళ్లాం అలిగితే పట్టించుకోడమ్మా," అంది నాయనమ్మ. "ఈగ తుమ్మితే మాత్రం అన్నం మానేస్తాడు!"

పరిశోధకురాలు నవ్వింది. వీటి రాణి ఈగల పిల్లల్ని నలభై మంది పెంపకందార్లకు పంచుతామంది.

"వాళ్లూ మందు ఆపేయాలి మరి," అంది.

"ఆపేయమనండి. నాదే పూచీ," అన్నాడు నాన్న.

భయమూ వేయలేదు, ఏడుపూ రాలేదు.

"నేను వేశాను," అన్నాను.

"ఏంటే ఆ గొణుగుడు? నీ మాట వినాలంటే నీ నోట్లో చెవి పెట్టాలి," అంది నాయనమ్మ.

"పెట్టెల్లో మందు. నేనే వేశాను."

మందు మానేసిన రెండో ఏడాది, మిగిలిన ఈగలు ముడుచుకుపోయిన రెక్కలతో పెట్టెల ముందు పాకుతుంటే చూడలేకపోయాను. కొట్టంలో పాత మందు పట్టీలుంటే, నాన్న లేవకముందే లోపల పెట్టాను. నెలయ్యాక తీసేశాను. అప్పట్నుంచి ఏటా అంతే.

"ఏ పెట్టెల్లో?" అంది పరిశోధకురాలు.

"ఆరింట్లోనూ."

ఎప్పుడెప్పుడని అడిగితే నా డైరీ తెచ్చిచ్చాను. ఆవిడ తేదీలు రాసుకుంది.

"అయితే ఇవి వాటంతటవే తట్టుకున్నాయో లేదో తెలీదండీ. మళ్లీ మొదట్నుంచీ చూడాలి," అంది మెల్లగా.

"అంటే మళ్లీ చావనివ్వాలి," అన్నాడు నాన్న.

రాణి ఈగల కోసం తెచ్చిన చిన్న డబ్బాలను ఆవిడ ఖాళీగానే సంచీలో సర్దుకుని వెళ్లిపోయింది. నాన్న ఈగలకు పొగపెట్టే డబ్బా తీసుకుని వెనక గదిలోకి నడిచాడు. ఆయన మరిచిపోయిన చేతితొడుగులు పట్టుకుని నేను వెంట వెళ్లాను.

"చచ్చిపోతున్నాయని, నాన్నా..."

"నేను చూడలేదా? పద్నాలుగు పెట్టెలు నా చేతుల్తో ఊడ్చాను. నాకు మాత్రం జాలి లేదనుకున్నావా?"

అరవలేదు. తొడుగులు అందుకుని, నా మొహం మీదే తలుపు వేసేశాడు.