కడ్డీ మీద గీత

గిన్నెల మీద పేర్లు చెక్కడం నా వృత్తి. జగ్గయ్యపేట మెయిన్ బజారులో రామకోటేశ్వరరావు గారి స్టీలు సామాన్ల కొట్టుంది. ఆ కొట్టు మెట్టు మీద ముప్ఫై ఒక్క ఏళ్ళు కూర్చున్నాను. ఈ చుట్టుపక్కల ఎవరి గృహప్రవేశానికి ఎవరు ఏ బిందె పెట్టారో వాళ్ళు మర్చిపోయినా నేను మర్చిపోను. చెక్కడంలో ఒక్క అక్షరం పొల్లు పోదని నాకు గర్వం ఉండేది. ఆ గర్వం సంగతే చెప్పబోతున్నాను.

షావుకారు గారికి వీరులపాడు దగ్గర మామిడితోట ఉంది. పందుల బెడదకని వాళ్ళ తాత నాటి నుంచి లైసెన్సు తుపాకీ ఉంది. గొట్టం మూతిలోంచి మందు, సీసపు రవ్వలు పోసి కడ్డీతో కూరాల్సిన పాత రకం. దాని కర్రని చెద తినేస్తే ఏళ్ళ తరబడి అటక మీద పడేశారు. ఒక ఆదివారం దాన్ని దించి నా ముందు పెట్టారు.

"ఏవయ్యా ఖలందరూ, నీ చెయ్యి గిన్నెల మీదేనా, దీని మీద కూడా ఆడుద్దా?" అన్నారు.

"ఆడకేం చేసుద్దండీ" అన్నాను.

అలా మొదలైన సరదా నాలుగేళ్ళు సాగింది. ఆదివారం కొట్టుకి సెలవు కాబట్టి వెనక షెడ్డులో కూర్చునేవాళ్ళం. ఇరుగుడు చేవ తెచ్చి కొత్త కర్ర చెక్కాం. షావుకారు రోజూ కాసేపు అరచేత్తో దానికి అవిసె నూనె పట్టించేవారు. గొట్టానికి కావాలనే సన్నగా తుప్పు పట్టించి, రుద్ది, మళ్ళీ పట్టించి ఎర్రమట్టి రంగు తెప్పించాం. ట్రిగ్గర్ పైనున్న ఇనపరేకు మీద చీరణంతో రెండు కౌజుపిట్టల్ని చెక్కాను. ఒకటి గింజ ఏరుతుంటుంది, రెండోది తలెత్తి కాపలా కాస్తుంటుంది. అది చూసి షావుకారు భార్య సత్యనారాయణమ్మ గారు, "ఏరుకునేది ఈయన, కాపలా కాసేది నువ్వు" అని నవ్వారు.

ఇక మిగిలింది కడ్డీ. దాని చివర ఇనప పొన్ను తుప్పు పట్టి వికారంగా ఉంది. రోకలికి ఉన్నట్టు దీనికీ పొన్ను ఉంటుంది. నా దగ్గరున్న ఇత్తడి ముక్కతో కొత్తది చేసి, దాని చుట్టూ తామర రేకులు చెక్కి బిగించాను. ముచ్చటగా వచ్చింది. ఇంటికి తీసుకెళ్ళి మా ఆవిడ షమీమ్‌కి కూడా చూపించాను.

ఆ కడ్డీ మీద షావుకారు తాత కోసిన గీత ఒకటుంది. కడ్డీని గొట్టంలోకి వదిలితే గీత సరిగ్గా మూతి అంచు దగ్గర ఆగాలి. అప్పుడు లోపల ఖాళీ అని అర్థం. మందు ఉంటే గీత మూడు వేళ్ళు పైకి కనపడుతుంది. వాళ్ళింట్లో మూడు తరాలవాళ్ళు ఆ గీతని నమ్ముకునే తుపాకీ ముట్టుకున్నారు. నేను చేసిన ఇత్తడి పొన్ను పాతదానికంటే మూడు వేళ్ళు పొట్టి. ఇరవై ఏడు తామర రేకులు లెక్కపెట్టి చెక్కినవాణ్ణి, ఆ పొడవు కొలుచుకోలేదు.

కడ్డీ నా దగ్గరుండగా, శనివారం తోటలో పందుల జాడ కనిపిస్తే షావుకారు తుపాకీ అక్కడికి తీసుకెళ్ళారు. షావుకారు భోజనానికెళ్ళినప్పుడు కాపలా దేవరాజ్ వెదురు కర్రతో తుపాకీలో మందు కూరి పెట్టాడు. పందులు రాలేదు. కూరిన సంగతి అతను చెప్పలేదు. మర్నాడు పొద్దున షావుకారు తుపాకీని షెడ్డుకి తెచ్చి వైస్‌లో బిగించారు. నా చేతిలోంచి కడ్డీ తీసుకుని, రేకులు చూసి మురిసిపోయి, గొట్టంలోకి వదిలారు. గీత మూతి దగ్గర ఆగింది.

"ఖాళీ" అన్నారు. నేనూ తొంగి చూసి తలూపాను.

తర్వాత ఆయన ఊపిరి చూశారు. అది కూడా వాళ్ళ తాత నేర్పిందే. ఖాళీ తుపాకీకి టోపీ, అంటే మందుకి నిప్పంటించే చిన్న రాగి బిళ్ళ, ఒకటి పెట్టి పేల్చి, మూతి దగ్గర అరచెయ్యి పెడితే గాలి తగలాలి. తగిలితే దారి శుభ్రంగా ఉన్నట్టు. ఆయన కుడిచేత్తో ట్రిగ్గర్ నొక్కి, ఎడమ అరచెయ్యి మూతికి అడ్డం పెట్టారు.

విజయవాడ ఆసుపత్రిలో ఆ చేతిని మణికట్టు దాకా తీసేశారు.

ఆయన్ని కారెక్కించాక షెడ్డులో నేనొక్కణ్ణే మిగిలాను. ఎందుకో మళ్ళీ కడ్డీ వదిలి చూశాను. గీత మూతి దాటి మూడు వేళ్ళు లోపలికి దిగిపోయింది. అప్పుడు అర్థమైంది. కడ్డీని పంచెలో చుట్టి ఇంటికి తెచ్చుకున్నాను. పోలీసులు తుపాకీ తీసుకెళ్ళారు గానీ కడ్డీ ఏదని ఎవరూ అడగలేదు.

ఆసుపత్రిలో షావుకారు ఒకటే మాట. "నేను చూసా. గీత మూతి దగ్గరే ఉంది."

ఆయన కొడుకు నవనీత్ నన్ను వరండాలోకి పిలిచి అడిగాడు. "మామయ్యా, నాన్న నిజంగా కడ్డీ వేసి చూసారా?"

"నేను గమనించలేదు బాబూ" అన్నాను.

అంతే. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాను. మందు కూరానని దేవరాజ్ ఒప్పుకున్నాడు గానీ, చూసుకోకపోవడం షావుకారు అజాగ్రత్త అని రాసి కేసు మూసేశారు. నేను ఎప్పటిలాగే మెట్టు మీద కూర్చుని గిన్నెల మీద పేర్లు చెక్కాను. ఏడుపు రాలేదు, నిద్ర చెడలేదు, అన్నం సయించకపోవడమూ లేదు. నాలో ఏదో స్విచ్ కట్టేసినట్టు ఉండేది. షమీమ్ రెండు మూడుసార్లు నా మొహంలోకి చూసి ఊరుకుంది.

షావుకారుకి చేతి పుండు మూడు నెలల్లో మానింది. కానీ చూశానన్న మాట మీద నమ్మకం పోయింది. చూస్తే పేలదు కదా అని అందరూ అన్నారు. చివరికి ఆయన కూడా, "చూసాననుకుంటన్నా గానీ, చూళ్ళేదేమో" అనడం మొదలుపెట్టారు. కొట్టు షట్టర్‌కి తాళం వేసి, పది అడుగులు వెళ్ళి, వెనక్కొచ్చి లాగి చూసేవారు. మళ్ళీ వెళ్ళి మళ్ళీ వచ్చేవారు. గ్యాస్ కట్టానా అని కొట్టు నుంచి ఇంటికి నాలుగుసార్లు ఫోన్ చేసేవారు. మనవరాలు చేతులు చాస్తే వెనక్కి జరిగేవారు. "నేనెత్తుకుంటే ఎక్కడో దింపేసి మర్చిపోతానమ్మా" అనేవారు. ఒంటిచేత్తో ఎత్తుకోలేక కాదు, ఆ భయం వల్లే.

నందిగామలో మతిమరుపు పరీక్షలకి తీసుకెళితే డాక్టరు ఏమీ లేదన్నాడు. తిరుగు కారులో షావుకారు, "ఆయనకేం తెలుసు" అన్నారు. తర్వాత నవనీత్‌తో, "శుక్రవారం తాళాలు నీకిచ్చేస్తా. ఇక కొట్టుకి రాను" అన్నారు. ముందు సీట్లో నేనున్నాను. ఆయన గొంతులో బాధ కూడా లేదు. అది విన్నాక నాకు భయం వేసింది. కూచున్న చోటే ఆ మనిషి పోతున్నాడని తెలిసింది.

గురువారం సాయంత్రం షెడ్డుకి వెళ్ళాను. ఆయన వైస్ పక్కన ఊరికే కూర్చుని ఉన్నారు. కడ్డీకి చుట్టిన పంచె విప్పి దాన్ని, నా పనిముట్ల పెట్టెలో ఉండిపోయిన పాత ఇనప పొన్నుని ఆయన ముందు పెట్టాను. ఇత్తడి పొన్ను పక్కనే ఇనపదాన్ని ఆనించి పట్టుకున్నాను. ముప్ఫై ఏళ్ళు సామాను కొలిచి అమ్మిన మనిషి. నేను నోరు తెరవక్కర్లేకపోయింది.

చాలాసేపు చూశారు. మిగిలిన చేత్తో రెండింటినీ తడిమారు.

"అయితే నేను చూసా" అన్నారు.

"చూసారండి."

"గీత మూతి దగ్గరే ఉంది."

"అక్కడే ఉందండి. నేనూ చూసా."

ఆయన కళ్ళు నిండాయి. "నేను చూసా, నేను చూసా" అని తనలో తను అనుకుంటూ కూర్చున్నారు. తర్వాత తలెత్తి నా వంక చూశారు.

"చెయ్యి పోతే పోయింది. పొరపాటు ఎవడికైనా వస్తది. కానీ ఐదు నెలలు నన్ను పిచ్చోణ్ణి చేసి నా కొట్టు ముందే కూచున్నావు."

కడ్డీని నా వైపు నెట్టారు.

"నీ పెట్టె తీసుకెళ్ళు" అన్నారు.

తీసుకెళ్ళాను. ఇప్పుడు నందిగామలో వేరే కొట్టు ముందు కూర్చుంటున్నాను. పొద్దున బస్సెక్కి, దీపాలు పెట్టే వేళకి తిరిగొస్తాను. మొన్న మెయిన్ బజారు మీదుగా నడిచి వస్తుంటే షావుకారు కొట్టు కట్టేస్తున్నారు. టీ బంకు చాటున ఆగాను. ఆయన ఒంటిచేత్తో షట్టర్ దించి, కాలితో నొక్కిపట్టి తాళం వేశారు. ఒక్కసారి లాగి చూశారు. పక్కనున్న మనవరాల్ని ఎత్తుకుని, వెనక్కి తిరగకుండా ఇంటి వైపు వెళ్ళిపోయారు.

ఐదు నెలల్లో రాని ఏడుపు అప్పుడొచ్చింది. టీ బంకువాడు, "ఏమైంది సాయిబు గారూ?" అని మంచినీళ్ళ గ్లాసు ఇచ్చాడు. గ్లాసు మీద పేరు నేను చెక్కిందే.